ముందు నీళ్ళు, ఆ తర్వాతే లైటు

కర్ణాటకలోని పావగడ తాలూకా రాయచెర్లు నుంచి తూర్పుకు చూసినా, పడమరకు చూసినా సముద్రం సుమారు 300 కిలోమీటర్లు. అలాంటి ఊళ్ళో ఉప్పునీటిలో పగడాలు పెంచే రీఫ్ ట్యాంకా అని నవ్వొచ్చు. షికాగోకు సముద్రం ఇంకా దూరం. 1930లో అక్కడ షెడ్ అక్వేరియం తెరవడానికి ఫ్లోరిడా కొసనున్న కీ వెస్ట్ నుంచి సుమారు పది లక్షల గ్యాలన్ల సముద్రపు నీళ్ళను రైలు ట్యాంకర్లలో తెచ్చుకున్నారు. ఇప్పుడు రైలు అక్కర్లేదు. వంద లీటర్ల ట్యాంకుకు నాలుగు కిలోల లోపు సాల్ట్ మిక్స్ సరిపోతుంది.

చిక్కల్లా ఆ ఉప్పు కలిపే నీళ్ళతోనే.

కొత్తగా ఈ సరదాలో దిగినవాళ్ళు డబ్బంతా లైటు మీద, మురికిని నురుగుగా తీసేసే స్కిమ్మర్ మీద పెట్టి నీళ్ళకు బోరు తిప్పేస్తారు. పావగడ బోర్లలో ఫ్లోరైడు బాధ అందరికీ తెలిసిందే. ట్యాంకుకైతే నైట్రేటు, సిలికేటు కూడా శత్రువులే. అవి పాచిని పెంచుతాయి. ఇంట్లో తాగునీటి ఆర్వో ఉందిగా అనుకుంటే అందులోనూ మెలిక ఉంది. రుచి కోసం టీడీఎస్ (కరిగిన లవణాల) కంట్రోలర్ కొంత పచ్చి నీటిని తిరిగి కలుపుతుంది. దాన్ని పూర్తిగా మూసి, చివర మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ గొట్టం తగిలించి, టీడీఎస్ మీటరు సున్నా చూపాకే ఉప్పు కలపాలి. సాధారణంగా ఆర్వో బయటికి వదిలేసే నీళ్ళు శుద్ధి చేసి ఇచ్చే నీళ్ళకంటే ఎక్కువ. కరువు సీమలో వాటిని అంట్లకో, బాత్రూముకో మళ్ళించలేకపోతే ట్యాంకు పెట్టకపోవడమే మేలు.

ఎండాకాలం ఇంకో లెక్క. పగడానికి 25, 26 డిగ్రీలు హాయి. 30 దాటి నిలిస్తే పాలిపోతుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ ధర ట్యాంకు ధరను మించిపోతుంది. ఇక్కడి పొడిగాలి మాత్రం కలిసొస్తుంది: నీటి మీదకు చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరితోపాటు రెండు మూడు డిగ్రీలు దిగిపోతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే రోజూ పోసేది ఉప్పు కలపని ఆర్వో నీరే కావాలి.

స్కిమ్మర్ ఆగొచ్చు. రెండు మూడు చేపలకు వారానికి పది శాతం నీళ్ళు మార్చడమే చాలు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు, నీటిని కదిలించే వేవ్ మేకరు, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు మాత్రం తప్పవు. రాయచెర్లు పొలాలు కూడా కలిసిన సోలార్ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఆ కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, వీధిలో తీగ తెగితే ఆదుకునేది ఆ చిన్న పంపే.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ గాలిబుడగలు, ఎండ, సముద్రపు రాళ్ళు తప్ప పెద్ద పరికరాల్లేకుండా పగడాలు పెంచే పద్ధతిని ప్రచురించాడు. ఇంతకంటే చవక బడ్జెట్ ఉండదు. మన దగ్గర ఆ రాళ్ళ దగ్గరే దారి మూసుకుపోతుంది: రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, చచ్చిన పగడపు ముక్కకూ మినహాయింపు లేదు. సిరామిక్ రాళ్ళు పేర్చి, అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా స్థిరపడేదాకా నెలా నెలన్నర చేపల్లేకుండానే ట్యాంకు నడపాల్సిందే. తర్వాత హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట. వీటి చేత గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని తమిళనాడు మండపంలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం ఎప్పుడో సాధించింది. ఖరీదైన లైటు సంగతి షెడ్యూలులో లేని మెత్తటి పగడం బిల్లుతో సహా దొరికిన రోజు చూసుకోవచ్చు.