పెట్టెమీది అంకెలు, ముఖముమీది వెలుగు

రాత్రివేళ ఆరుబయట చలనచిత్రము తీయుటకు ఒకప్పుడు జనరేటరు బండియు, బారలకొలది తీగెలును కావలసి యుండెను. నేడు బ్యాటరీతో వెలుగు దీపములు చేతిసంచిలో ఇముడుచున్నవి. పాఠశాల విద్యార్థులు సైతము తమ వీధినాటకమును తామే చిత్రీకరించుకొనగలరు. ఇది సంతోషింపదగినదే. కాని పెట్టెలమీద అచ్చువేసిన అంకెలను నమ్మి దీపము కొన్నవారు తరచుగా ఆశాభంగము పొందుచున్నారు. ఆ అంకెలు అబద్ధములు కావు. మనము అడుగవలసిన ప్రశ్నకు అవి జవాబులు కావు, అంతే.

పెద్ద అక్షరములతో కనిపించునది వాట్ల సంఖ్య. 60 వాట్లనగా దీపము సెకనుకు ఎంత విద్యుచ్ఛక్తిని వాడుకొనునో తెలిపెడి లెక్క. నటుని ముఖముపై ఎంత వెలుగు పడునో తెలియవలెనన్న లక్సులలో కొలువవలెను. దూరము చెప్పని లక్సుల సంఖ్యకు విలువ లేదు. ఒక మీటరు దూరమున 4,000 లక్సులిచ్చు చిన్న దీపము, రెండు మీటర్ల దూరమున 1,000, నాలుగు మీటర్ల దూరమున 250 మాత్రమే ఇచ్చును. విలోమవర్గ నియమము బోధించు ఉపాధ్యాయునికి ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట అరుదు. నీడల కరకుదనము పోవుటకు తెల్లని గుడ్డ అడ్డుపెట్టినచో సగము వెలుగు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పోవును. కనుక పెద్ద దీపము కొనుటకంటె ఉన్న దీపమును దగ్గరకు జరుపుట చౌక!

బ్యాటరీ లెక్క సులభము. 14.8 వోల్టులు, 6.6 ఆంపియరు-గంటలు గల బ్యాటరీలో సుమారు 98 వాట్-గంటల శక్తి యుండును. 60 వాట్ల దీపము దానితో గంటన్నర వెలుగుటయే గొప్ప. వెలుగును సగమునకు తగ్గించినచో కాలము ఇంచుమించు రెట్టింపగును.

అసలు చిక్కు రంగులో నున్నది. తెల్లని ఎల్.ఇ.డి. దీపములలో పెక్కింటియందు నీలికాంతి నిచ్చు స్ఫటికముపై పసుపుపచ్చని పొడిపూత యుండును. ఈ రెండు కాంతులు కలిసి కంటికి తెలుపుగా తోచును. కాని నాసిరకపు దీపముల వర్ణపటములో ముదురు ఎరుపు కొరవడును. మన చర్మపు ఛాయకు ప్రాణము ఆ ఎరుపే. పెట్టెమీద "సి.ఆర్.ఐ. 90" అని వ్రాసియున్నదిగదా యని అడుగవచ్చును. ఆ అంకె ఎనిమిది లేతరంగుల నమూనాలపై తీసిన సగటు. ముదురు ఎరుపు తొమ్మిదవ నమూనా. అది ఆ సగటులో చేరదు! అన్ని పాఠములలో మంచి మార్కులు వచ్చినవని చెప్పి, తప్పిన పాఠమును పట్టికలోనే చూపకుండుట వంటిది ఇది. అమ్మువారు తొమ్మిదవ నమూనా అంకెను వేరుగా ప్రకటింపకుండుట నా దృష్టిలో క్షమింపదగినది కాదు.

1957లో వచ్చిన "మాయాబజార్" నలుపు తెలుపుల చిత్రము. అందు మార్కస్ బార్ట్లే వెలుగునీడలతోనే వెన్నెల కురిపించెను. ఎరుపు కొరత అతనిని ఇంతగా బాధింపలేదు. నేటి చిత్రములలోనో, వెన్నెల యనగానే తెరనంతను నీలిమందులో ముంచెదరు. వెన్నెల ప్రతిఫలించిన సూర్యకాంతియే. వర్ణపటమును పరీక్షించినచో సూర్యకాంతికంటె రవంత ఎఱ్ఱనైనది కూడ. మసక వెలుగులో మన కన్ను నీలివైపునకు మొగ్గుటచే నీలముగా తోచును. దీనిని పర్కింజీ 19వ శతాబ్దములోనే వర్ణించెను. కనుక వెనుకనుండి జుట్టు అంచులపై కొంచెము నీలికాంతి, ముఖముపై కొంత వెచ్చని కాంతి చాలును. అన్ని రంగులు మార్చు ఖరీదైన దీపము ఇందుకు అనవసరము. పసుపు తెలుపునుండి నీలి తెలుపు వరకు మారునది సరిపోవును.

కొన్ని దీపములు వెలుగు తగ్గించినప్పుడు కంటికి తెలియనంత వేగముగా ఆరి వెలుగుచుండును. కెమెరాలో అది చారలుగా పడును. కాబట్టి తగ్గించి కూడ చూడవలెను. వానకాలపు పురుగుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కొనుటకు ముందు దుకాణములో కుంకుమ భరిణెను, అరచేతిని దీపము ముందుంచి కెమెరాతో తీసి, ఎండలో తీసిన బొమ్మతో పోల్చుడు. పాత కాంపాక్టు డిస్కుపై దీపపు ప్రతిబింబమును ఏటవాలుగా చూచినచో వర్ణపటము కనిపించును. ఎరుపుపట్టీ సన్నగిలినదో లేదో విద్యార్థులే చెప్పగలరు. ఈ పరీక్షకు దుకాణదారుడు ఒప్పుకొననిచో ప్రక్క దుకాణములో విచారింపుడు.