రెండో గొంతుకు చోటు: గ్లెన్ హాన్సర్డ్ పాట కట్టే తీరు

ఐర్లాండ్‌లో ఇవాళ తమ పాట తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని పాడేవాళ్లకు కొదవ లేదు. డేమియన్ రైస్, లీసా హానిగన్, హోజియర్ మన దగ్గర కూడా వినిపిస్తున్న పేర్లే. పాట కట్టడంలోని పనితనాన్ని దగ్గరగా చూడాలంటే మాత్రం నేను ముందు గ్లెన్ హాన్సర్డ్‌నే వినమంటాను.

1970లో పుట్టిన హాన్సర్డ్ డబ్లిన్ శివారు బాలిమన్‌లో పెరిగాడు. పదమూడో ఏట బడి మానేసి, గిటార్ పట్టుకుని గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో నిలబడి పాడటం మొదలుపెట్టాడు. 1990లో ‘ద ఫ్రేమ్స్’ బృందాన్ని కట్టాడు. అతని చదువంతా ఆ వీధిలోనే సాగిందని పాట వింటే తెలుస్తుంది. టికెట్ కొని కూర్చున్న శ్రోత వీధి గాయకుడికి ఉండడు. దారిన పోయేవాణ్ని గట్టిగా పాడి ఆపవచ్చు. ఆగినవాణ్ని కదలకుండా నిలబెట్టాలంటే మాత్రం పాట క్షణక్షణానికీ ఎదగాలి. అతని టకమీనే గిటార్ చూడండి. ఏళ్ల వాయింపుకు పై చెక్క అరిగి, సౌండ్‌హోల్ పక్కన మరో కన్నం పడింది. ఆ చేతికి ఎంత బలం ఉందో అది చెబుతుంది. అంత బలాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియడం అతని విద్య.

గాయని మార్కెటా ఇర్గ్లోవాతో కలిసి రాసిన ‘ఫాలింగ్ స్లోలీ’నే తీసుకుందాం. చరణం సి, ఎఫ్ అనే రెండు మేజర్ కార్డుల మధ్యే తిరుగుతుంది. గిటార్ నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఎదురయ్యే కార్డులవి. వాటి మీద గొంతు మాట్లాడుతున్నంత నెమ్మదిగా, కింది స్థాయిలో నడుస్తుంది. పల్లవి అందుకునే ముందు ఏ మైనర్ వచ్చి రంగు మారుస్తుంది. పల్లవిలో మళ్లీ తెలిసిన కార్డులే, కానీ గొంతు పైకి లేస్తుంది. అంతవరకూ అణచిపెట్టుకున్నందువల్లే ఆ లేవడం మన గుండెకు తగులుతుంది. చరణంలోనే గొంతు చించుకుని ఉంటే పల్లవికి మిగిలేదేమీ ఉండదు.

అదే పాట జాన్ కార్నీ తీసిన ‘వన్స్’ (2007) సినిమాలో ఎలా పుడుతుందో చూడాలి. కార్నీ ఒకప్పుడు ఫ్రేమ్స్‌లో బేస్ గిటారిస్టు. డబ్లిన్‌లోని వాల్టన్స్ వాద్యాల దుకాణంలో హాన్సర్డ్ గిటార్‌తో, ఇర్గ్లోవా పియానో ముందు కూర్చుంటారు. అతను కార్డులు చెబుతాడు, ఆమె వేళ్లతో వెతుక్కుంటూ కలుస్తుంది. ఆ తర్వాత ఆమె గొంతు కూడా వచ్చి చేరుతుంది. ఆమె రాకకోసమే పాటలో జాగా వదిలినట్టు ఉంటుంది. సరళమైన కార్డులు, పదాల మధ్య విరామాలు, తొందరపడని నడక, అన్నీ కలిసి తోడు పాడేవాళ్లను ఆహ్వానిస్తాయి. హాన్సర్డ్ పనితనంలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

2008లో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. సినిమా ఆధారంగా తయారైన సంగీత నాటకం 2012లో బ్రాడ్‌వేకి చేరి ఎనిమిది టోనీ అవార్డులు గెలుచుకుంది. అందులో నటులే రంగస్థలం మీద వాద్యాలు వాయిస్తారు. ఈ పాటలు పదిమంది చేతుల్లో పడినా చెదరలేదు.

పేరొచ్చాక కూడా అతని పద్ధతి మారలేదు. ‘రిథమ్ అండ్ రిపోజ్’ (2012), ‘డిడ్ంట్ హీ రాంబుల్’ (2015) ఆల్బమ్‌లలో వాద్యాలు పెరిగినా పాట కిందినుంచే మొదలై పైకి ఎదుగుతుంది. క్రిస్మస్ ముందురోజు గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో నిలువనీడ లేనివారికోసం తోటి గాయకులతో కలిసి పాడటం అతనికి ఆనవాయితీ అయింది. 2023 డిసెంబరులో ఐర్లాండ్‌లోని నీనా పట్టణంలో గాయకుడు షేన్ మెక్‌గోవన్ అంత్యక్రియల వేళ చర్చిలో గాయని లీసా ఓనీల్‌తో గొంతు కలిపి పాడితే, వచ్చినవాళ్లు లేచి నాట్యం చేశారు. ఇంకొకరు కలవడానికి చోటుంచి పాడటం సాధనతో వచ్చే విద్య. దాన్ని నేర్చుకోవాలనుకునే మన యువ గాయకులు ‘ఫాలింగ్ స్లోలీ’ని ముందు వినాలి, ఆ తర్వాత పక్కన మరొకరిని కూర్చోబెట్టుకుని పాడి చూడాలి.