నిమ్మకాయ చేసిన నేరమేమిటి?

వేసవి సెలవుల్లో మీ బాబాయి ఇంటికి వచ్చాడనుకోండి. ఎండన పడి వచ్చాడు కదా అని మీరు నిమ్మరసం కలిపి ఇచ్చారు. "వద్దు, నాకు హిస్టమిన్ పడదు. పుల్లని పళ్లన్నీ మానేశాను" అన్నాడు. నిన్నటి పుల్లమజ్జిగ ఇస్తే మాత్రం గటగటా తాగేశాడు. ఆయన జేబులో "హిస్టమిన్ పథ్యానికి చల్లని పళ్లరసాలు" అనే కాగితం ఒకటి ఉంది. అందులో పుచ్చకాయ, మామిడి, ఆపిల్ మంచివట. నిమ్మ, నారింజ, అనాస, బొప్పాయి, అరటి కూడదట. ఇలాంటి జాబితాలు ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తున్నాయి. వీటిని ఎంతవరకు నమ్మవచ్చో చూద్దాం.

హిస్టమిన్ మనకు పరాయి పదార్థం కాదు. మన శరీరంలోని మాస్ట్ కణాలలో అది నిల్వ ఉంటుంది. దద్దుర్లు లేచినా, తుమ్ములు ఆగకపోయినా దాని చేయి ఉందన్నమాటే. హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1910లో దీని ప్రభావాలను వివరించారు. ఇది ఆహారంలోనూ తయారవుతుంది. హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొన్ని బ్యాక్టీరియాలు కార్బన్ డయాక్సైడును విడగొడితే మిగిలేది హిస్టమినే. అలా లోపలికి వచ్చిన దానిని మన చిన్నపేగులోని డయమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము విరిచేస్తుంది. ఈ ఎంజైము చాలనివారికి తలనొప్పి, దురద, కడుపు ఉబ్బరం వస్తాయన్నదే "హిస్టమిన్ అసహనం" అనే భావన. దీనిని నిస్సందేహంగా తేల్చే పరీక్ష ఇంతవరకు లేదు. రక్తంలో ఆ ఎంజైమును కొలిచినంత మాత్రాన తేలదు.

హిస్టమిన్ తయారీకి ముడిసరుకు హిస్టిడీన్ అని చెప్పుకున్నాం కదా! మరి పండులో అదెంత ఉంటుంది? 100 గ్రాముల చేపలో సుమారు 20 గ్రాముల ప్రోటీను ఉంటుంది. అంతే తూకం పుచ్చకాయలోగాని, నారింజలోగాని 1 గ్రాము కూడా ఉండదు. పైగా కానాగంత, ట్యూనా వంటి చేపల కండలో హిస్టిడీన్ విడిగానే దండిగా ఉంటుంది. ఐసు వేయకుండా ఎండలో పెట్టిన కానాగంత ప్రమాదకరం కావడానికి కారణం అదే. అందులో పుట్టిన హిస్టమిన్ వండినా పోదు. చేపలలో కిలోకు 200 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పరిమితి పెట్టాయి. తాజా నిమ్మకాయ ఈ లెక్కలోకే రాదు.

అలాంటప్పుడు నిమ్మను ఎందుకు నిషేధించారు? మూడు వేరువేరు కారణాలను ఒకే గంపలో వేయడం వల్ల. మొదటిది, పదార్థంలోనే హిస్టమిన్ ఉండటం. ఇది కొలవదగినది. టమోటా, పాలకూర, మన వంకాయలలో ఇది కొంత ఉంటుంది. రెండోది, పుట్రెసీన్ అనే మరో అమైను. నారింజలోను, అరటిలోను ఇది ఎక్కువ. దీనిని కూడా అదే ఎంజైము విరచాలి కాబట్టి హిస్టమిన్ వంతు ఆలస్యం కావచ్చునని ఊహ. ఊహలో అర్థముంది, కాని ఒక గ్లాసు రసంతో మనిషిలో అది ఎంత జరుగుతుందో తేలవలసి ఉంది. ఇక మూడోది, కొన్ని పళ్లు మన కణాలలోని హిస్టమిన్‌ను బయటికి తోస్తాయన్న మాట. జాబితాలు ఎక్కువగా వల్లించేది దీనినే. అయితే మనుషులలో దీనికి గట్టి రుజువు లేదు.

బార్సిలోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఇలాంటి పథ్యాలను కొన్నింటిని పక్కపక్కన పెట్టి పోల్చారు. అన్ని పథ్యాలూ ఏకగ్రీవంగా వద్దన్నవి పులిసిన ఆహారాలు మాత్రమే. నిషేధించిన పదార్థాలలో నిజంగా హిస్టమిన్ ఎక్కువగా ఉన్నవి మూడో వంతుకు మించలేదు. అంటే బాబాయి కాగితం, పక్కింటాయన కాగితం ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే మీరు ఆశ్చర్యపోనక్కరలేదు. పైగా ఈ జాబితాలలో చాలావరకు యూరప్‌లో పుట్టినవి. స్ట్రాబెర్రీ గురించి చెబుతాయి, తాటిముంజ గురించి, నేరేడు గురించి నోరు మెదపవు. చెప్పకపోవడం అనుమతీ కాదు, నిషేధమూ కాదు.

జాబితాలు పండు పేరు దగ్గరే ఆగిపోతాయి. ఆ రసం తీసి ఎంతసేపయిందని అడగవు. తెల్లవారుజామున దించిన నీరా మధ్యాహ్నానికి కల్లు అవుతుంది. చెట్టు అదే, కుండ అదే, మారింది కాలమే. పొద్దున తీసి, బండి మీద మూత లేకుండా ఉంచిన ద్రాక్షరసం సంగతీ అంతే. రిఫ్రిజిరేటర్ సూక్ష్మజీవులను నెమ్మదింపజేస్తుంది గాని అప్పటికే పుట్టిన అమైనులను తీసివేయలేదు. బాబాయి తాగిన మజ్జిగ మాటేమిటి? అందులో హిస్టమిన్ తప్పక ఉంటుందని అనలేం, అది తోడులోని బ్యాక్టీరియా రకాన్ని బట్టి ఉంటుంది. కాని అనుమానించదలిస్తే తాజా నిమ్మరసం కంటే ముందు అనుమానించవలసినది పుల్లమజ్జిగనే!

ఈ పథ్యం నిజంగా అవసరమైనవారికి పానీయం చేయడం కష్టమేమీ కాదు. మచ్చలు, మెత్తబడిన భాగాలు లేని పుచ్చకాయను అప్పుడే కోసి, గింజలు తీసి, చిలికి వడకట్టండి. నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు ఉప్పు చాలు. కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. చేసిన అరగంటలో తాగేయండి, మిగిలితే రేపటికి దాచకండి.

జాబితాను కళ్లు మూసుకుని పాటిస్తే నష్టం ఎవరికి? నిమ్మ, నారింజ, బొప్పాయి మన పల్లెల్లో చవకగా దొరికే సి విటమిన్ వనరులు. హాస్టలు భోజనం తినే విద్యార్థి ఇవన్నీ మానేస్తే వాటి స్థానంలో ఏం తింటాడు? ఆ కాగితం దీనికి జవాబు చెప్పదు. ఇంకో ప్రమాదమూ ఉంది. ఏదైనా పండు తిన్న వెంటనే పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా అది అలెర్జీ కావచ్చు. అప్పుడు పథ్యం కాగితం వెతకకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మరి బాబాయికి ఏం చెప్పాలి? వైద్యుని సలహాతో రెండు వారాలు అనుమానమున్నవి మాని, రోజూ తిన్నది, కలిగిన బాధ ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. తేడా కనిపించకపోతే పథ్యంతో పనిలేదు. కనిపిస్తే ఒక్కొక్క పదార్థాన్నే మళ్లీ మొదలుపెట్టి చూడాలి. మొదటి వంతు నిమ్మకాయకు ఇవ్వమనండి: అరచెక్క, ఒక గ్లాసు నీళ్లు, అప్పటికప్పుడు పిండినది.