బోర్డో వైన్ ఎస్టేట్ల వర్గీకరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

వస్తువుల నాణ్యతను సూచించే గుర్తింపులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది, వస్తువు ఏ ప్రాంతానిదో చెప్పేది. పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్న భౌగోళిక గుర్తింపు ఈ కోవకు చెందినదే. అది ఆ నేత ఎక్కడిదో చెబుతుంది గాని, ఆ ప్రాంతపు నేతగాళ్లలో ఎవరు గొప్పవారో చెప్పదు. రెండవది, ఉత్పత్తిదారులను వరుసలో నిలబెట్టి, వీరిది మొదటి తరగతి, వీరిది రెండవ తరగతి అని నిర్ణయించేది. ఈ రెండవ రకానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఫ్రాన్స్ నైరుతి భాగంలోని బోర్డో ప్రాంతం.

అక్కడ ద్రాక్షతోట, వైన్ తయారుచేసే కట్టడాలు, వాటి పేరు అన్నీ కలిసిన ఎస్టేట్‌ను సాధారణంగా ‘షాతో’ అంటారు. బోర్డోలో అన్ని షాతోలకూ కలిపి ఒకే వర్గీకరణ లేదు. ఈ పాఠంలో పరస్పరం భిన్నమైన రెండు పద్ధతులను పరిశీలిద్దాం. ఒకటి దాదాపుగా మారనిది. రెండవది తరచు మారేది.

సంపర్క తరగతుల్లో ఈ విషయం చెప్పినప్పుడల్లా విద్యార్థుల నుంచి వచ్చే మొదటి ప్రశ్న, “ఇంతకీ వీటిలో ఏ వైన్ గొప్పది సార్?” అని. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. గొప్పదని ఎవరు చెప్పారు, దేన్ని కొలిచి చెప్పారు అన్నవి అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు.

2. 1855 జాబితా: ధరే కొలమానం

1855లో మూడవ నెపోలియన్ చక్రవర్తి పాలనలో పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అందులో బోర్డో వైన్లను ప్రదర్శించే సందర్భంలో అక్కడి వాణిజ్య మండలి, ఎస్టేట్ల జాబితా ఇవ్వవలసిందిగా వైన్ దళారుల సంఘాన్ని కోరింది. ఏప్రిల్ 5న అడిగితే, ఏప్రిల్ 18న జాబితా చేతికి వచ్చింది. రెండు వారాలైనా పట్టలేదు. ఆ జాబితా కోసం ప్రత్యేకంగా రుచి పరీక్షలు జరపలేదు. ఏ ఎస్టేట్ వైన్ ఏళ్ల తరబడి ఏ ధర పలుకుతున్నదో దళారులకు తెలుసు. ఆ ధరల ప్రకారమే ఎర్ర వైన్లను ఐదు తరగతులుగా విభజించారు.

మొదటి తరగతిలో లఫీత్, లతూర్, మార్గో, ఓ-బ్రియోన్ నిలిచాయి. వీటిలో ఓ-బ్రియోన్ ఒక్కటే గ్రావ్ ప్రాంతానిది. ఎర్ర వైన్ల జాబితాలోని మిగిలినవన్నీ మెడాక్ ప్రాంతానివే. నేడు ఈ జాబితాలో 61 ఎస్టేట్లున్నాయి. సోటెర్న్, బార్సాక్ ప్రాంతాల తీపి వైన్లకు వేరే జాబితా చేసి, ఇకెమ్‌ను అందరికన్నా పైన ఉంచారు.

దళారులను తప్పుపట్టడం సులభం. అయితే వారి పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. ఒక్కరోజు రుచి చూసి ఇచ్చే తీర్పుకన్నా, ఎందరో కొనుగోలుదారులు ఏళ్ల తరబడి డబ్బు చెల్లించి ఇచ్చిన తీర్పు నమ్మదగినదని వారు భావించారు. లోపం జాబితా తయారీలో కన్నా, దానిని ఆ తర్వాత కదలకుండా ఉంచడంలో ఉంది. అదే ఏడాది కాంతమెర్ల్‌ను చేర్చడాన్ని మినహాయిస్తే, ఎర్ర వైన్ల జాబితాలో జరిగిన ముఖ్యమైన మార్పు ఒక్కటే. బారన్ ఫిలిప్ ద రాత్‌షీల్డ్ దశాబ్దాలపాటు పట్టువిడవకుండా ప్రయత్నించగా, 1973లో మూతోన్ రాత్‌షీల్డ్ రెండవ తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కింది. అప్పటి వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్.

ఇక్కడ మీరు మరో విషయం గమనించాలి. ఈ జాబితాలో హోదా షాతో పేరుకే గాని భూమికి కాదు. అదే ప్రాంతీయ గుర్తింపు పరిధిలో పొరుగు తోటను కొని కలుపుకున్నా హోదా చెక్కుచెదరదు. అంటే 1855లో ఏ నేల మీద పండిన ద్రాక్షను బట్టి హోదా వచ్చిందో, నేటి వైన్ పూర్తిగా ఆ నేలదే కానవసరం లేదు. ఫ్రాన్స్‌లోనే బుర్గుండీ ప్రాంతంలో ఇందుకు భిన్నంగా హోదా తోట భూమికే చెందుతుంది.

ఫలితం మార్కెట్‌లో కనిపిస్తుంది. ఐదవ తరగతికి చెందిన లించ్-బాజ్ వైన్ తనకన్నా పై తరగతుల్లోని చాలా వైన్లకన్నా ఎక్కువ ధర పలుకుతుంది. ధరను బట్టి పుట్టిన జాబితాను ఆ ధరే కాదంటున్నది. మరోవైపు మొదటి తరగతి ఎస్టేట్లు నేటికీ అగ్రస్థానంలోనే ఉన్నాయి. ఇది జాబితా సరైనదని రుజువు చేస్తున్నదా? పూర్తిగా కాదు. హోదా ఉంటే ధర వస్తుంది, ధర వస్తే పెట్టుబడి వస్తుంది, పెట్టుబడితో నాణ్యత పెరుగుతుంది. జాబితా కొంతవరకు తాను చెప్పినదానిని తానే నిజం చేసుకుంటుంది.

3. సెంట్ ఎమిలియన్: మారే జాబితా

డోర్డోన్ నదికి కుడివైపున ఉన్న సెంట్ ఎమిలియన్ 1855 జాబితాలో లేదు. ఆ ప్రాంతం 1955లో తన సొంత వర్గీకరణను మొదలుపెట్టింది. సుమారు పదేళ్లకోసారి సవరించాలన్నది దీని నియమం. ఎస్టేట్లు దరఖాస్తు చేసుకోవాలి, పరీక్షకు నిలబడాలి. ఉన్న హోదా పోవచ్చు కూడా. హోదాను భూమితో ముడిపెట్టడంలోనూ ఇది కఠినమైనది. బో-సెజూర్ బెకో ఎస్టేట్ అనుమతి లేని తోటలను కలుపుకున్నదన్న కారణంతో 1986లో పై హోదాను కోల్పోయి, 1996లో తిరిగి పొందింది.

హోదా పోతే వైన్ ధర, భూమి విలువ రెండూ దెబ్బతింటాయి. కాబట్టి ఓడినవారు ఊరుకోరు. 2006 జాబితాపై హోదా కోల్పోయిన ఎస్టేట్లు కోర్టుకెక్కాయి. అభ్యర్థులందరినీ సమానంగా చూడలేదన్న అభ్యంతరంపై ఆ జాబితా 2008లో రద్దయింది. 2012 జాబితాలో 82 ఎస్టేట్లకు స్థానం దక్కింది. ఆ నిర్ణయ ప్రక్రియలో స్వప్రయోజనం ఉండి కూడా పాలుపంచుకున్నాడంటూ, పై అంతస్తుకు చేరిన ఒక ఎస్టేట్ సహ యజమానికి 2021లో బోర్డో న్యాయస్థానం జరిమానా విధించింది.

కొలమానాలనూ పరిశీలించండి. 2012లో సాధారణ హోదాకు రుచి పరీక్షకు 50 శాతం, పేరుప్రఖ్యాతులకు 20 శాతం మార్కులు కేటాయించారు. పై హోదాకు వచ్చేసరికి రుచికి 30 శాతమే, పేరుప్రఖ్యాతులకు 35 శాతం. అంటే పైకి వెళ్లేకొద్దీ సీసాలో ఉన్నదానికన్నా సీసా మీద ఉన్న పేరుకు విలువ పెరిగింది. ప్రచారానికి, సామాజిక మాధ్యమాలకు, పర్యాటకానికి అతిగా ప్రాధాన్యమిస్తున్నారంటూ 2021లో ఓసోన్, షెవాల్ బ్లాంక్ ఎస్టేట్లు తప్పుకున్నాయి. ఇవి 1955 నుంచి శిఖరాన ఉన్నవి. అయినా 2022లో 85 ఎస్టేట్లతో కొత్త జాబితా వెలువడింది. ఫిజాక్ ఎస్టేట్ పావీతో పాటు అగ్రస్థానానికి చేరింది.

4. మూల్యాంకనం

మారని జాబితా ప్రశాంతంగా ఉంటుంది, కాని మెల్లగా వాస్తవానికి దూరమవుతుంది. మారే జాబితా వాస్తవాన్ని అందుకోవాలని చూస్తుంది, కాని తగాదాలకు నిలయమవుతుంది. ఈ రెండింటిలో సెంట్ ఎమిలియన్ పద్ధతే మెరుగైనదని నా అభిప్రాయం. ఓడిపోయే అవకాశం లేని పరీక్షను పరీక్ష అనలేము. కోర్టు వివాదాలను చూసి ఆ పద్ధతి విఫలమైందనడం తొందరపాటు. కొలిచేవాడినే ప్రశ్నించి, తప్పు దొరికితే సరిదిద్దే వీలు అక్కడ ఉంది. అయితే పేరుప్రఖ్యాతులకు మార్కులు వేయడం మాత్రం సమర్థనీయం కాదు. ఉన్న పేరుకే మరింత పేరు ఇవ్వడానికి కొత్త పరీక్ష అనవసరం.

ఈ చర్చలో పోమెరోల్‌ను మరువరాదు. సెంట్ ఎమిలియన్ పక్కనే ఉన్న ఈ ప్రాంతానికి ఏ వర్గీకరణా లేదు. అయినా అక్కడి పెట్రూస్ బోర్డోలోనే అత్యంత ఖరీదైన వైన్లలో ఒకటి. హోదా లేకుండా కూడా మంచిపేరు నిలుస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

5. సారాంశం

1855 జాబితా ధరను కొలిచి, హోదాను పేరుకు కట్టి, అక్కడే ఆగిపోయింది. సెంట్ ఎమిలియన్ రుచిని, నేలను, పేరును కలిపి కొలుస్తూ, పదేళ్లకోసారి తిరిగి తీర్పు చెబుతుంది. ఏ ర్యాంకుల పట్టిక మీ ముందుకు వచ్చినా నాలుగు ప్రశ్నలు వేయండి: దేన్ని కొలిచారు? ఎవరు కొలిచారు? హోదా దేనికి చెందుతుంది? దానిని కోల్పోయే అవకాశం ఉందా? వీటికి జవాబు దొరికాక, ఆ పట్టికను ఎంతవరకు నమ్మాలో మీరే నిర్ణయించుకోగలరు.

నమూనా ప్రశ్నలు

1. 1855 వర్గీకరణకు ధరను కొలమానంగా తీసుకోవడంలోని గుణదోషాలను చర్చించండి.
2. సెంట్ ఎమిలియన్ వర్గీకరణపై తలెత్తిన వివాదాలు ఆ పద్ధతి బలహీనతను చూపుతున్నాయా, బలాన్ని చూపుతున్నాయా? మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.