పాత పడవకే నా ఓటు

పాత తెరచాప పడవను మెచ్చుకుంటే చాలు, "చూడ్డానికి ముచ్చటే, ఉంచుకున్నవాడికే తెలుస్తుంది" అని దీర్ఘం తీసేవాళ్లుంటారు. పాతబడినంత మాత్రాన ఏ పడవా గొప్పదైపోదు, నిజమే. దాని గీత గొప్పదై ఉండాలి. స్కాట్లాండ్‌లోని ఫెయిర్లీలో తరతరాలుగా పడవలు కట్టిన ఫైఫ్ కుటుంబంలో మూడో విలియం గీసిన యాట్‌ను పక్క నుంచి చూడండి. ముందు ఎత్తుగా మొదలైన పై అంచు నడుమ దాకా దిగి, వెనక్కి పోతూ మళ్లీ కాస్త లేస్తుంది. ఎక్కడా విరుపు లేదు, తడబాటు లేదు. పడవ ముందు భాగాన చెక్కిన డ్రాగన్ ఆయన గుర్తు. నన్నడిగితే ఆ వంపు ఉండగా వేరే సంతకమే అక్కర్లేదు.

అందం సరే, వేగం సంగతేమిటంటారా? ఇంగ్లండ్‌లోని కౌస్‌కు చెందిన పడవల రూపకర్త ఉఫా ఫాక్స్ 1928లో పోటీకి దింపిన 14 అడుగుల డింగీ (చిన్న తెరచాప పడవ) 'అవెంజర్' జవాబు చెబుతుంది. నీటిని తోసుకుంటూ పోవడం మాని, గాలి అందగానే నీటి మీదికి లేచి జారేలా దాని అడుగును మలిచాడు ఫాక్స్. ఆ ఏడు 57 పందేల్లో 52 మొదటి స్థానాలు, 2 రెండో స్థానాలు, 3 మూడో స్థానాలు! మూడుకు దిగువన ఒక్కటీ లేదు. అదే పడవలో ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్స్‌లోని లెహావ్రకు వెళ్లి, తిరిగి వచ్చాడు. ఆయనే గీసిన 'ఫైర్‌ఫ్లై' రకం డింగీ మీదనే 1948 ఒలింపిక్స్‌లో డెన్మార్క్ నావికుడు పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ తన నాలుగు స్వర్ణాల్లో మొదటిది గెలిచాడు. ఇవాళ హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవ నీటిపై జారుతోందంటే, ఆ విద్యను పోటీల్లో నిలబెట్టిన ఘనత ఫాక్స్‌దే.

కొయ్య పడవకు చాకిరీ ఎక్కువన్నది అసలు అభ్యంతరం. ఉంది, కాదనను. కానీ ఆ చాకిరీకి లెక్క ఉంది. పెంకుల్లా ఒకదాని అంచుపై ఒకటి ఎక్కించి, రాగి మేకులతో బిగించిన పలకల డింగీని కొనేటప్పుడు పై రంగు చూసి మురిసిపోకండి. అడుగున వెన్నెముకలా ఉండే కీల్‌ను ఆనుకున్న పలకను, మధ్యలో దించే పలక ఉండే పెట్టె మొదలును సన్నని మొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే కుళ్లు పట్టినట్టే. ఉప్పునీటి కంటే లోపల నిలిచిన వాననీరే కొయ్యకు ఎక్కువ చేటు. అయినా చెడిన పలకను ఊడదీసి కొత్తది వేయవచ్చు. ఆ పని తెలిసిన చేతులే ఇప్పుడు కరువు.

అలాగని ఫైబర్‌గ్లాస్‌ను తిట్టిపోయడం అన్యాయం. ఫైఫ్ గీసిన 1898 నాటి 'పెన్ డ్యుయిక్' కుళ్లిపోతే, ఫ్రెంచి నావికుడు ఎరిక్ టబార్లీ ఆ పాత ఒంటినే అచ్చుగా వాడి, దానిపై ఫైబర్‌గ్లాస్ పరిచి కొత్త ఒళ్లు తీశాడు. కొయ్య పోయింది, గీత బతికింది. నా కోపమంతా నకిలీల మీద: ప్లాస్టిక్ ఒంటికి ఉత్తుత్తి పలకల గీతలు అచ్చుగుద్ది, టేకు రంగు పులిమి, 'క్లాసిక్' అని అమ్మే బేరం మీద. వంపు తెలియని ఆ వేషం గాలికీ పనికిరాదు, కంటికీ ఆనదు. బ్రిటన్‌లో ఉంటూ పడవ కొనాలనుకునే తెలుగువారికి నా మనవి ఒక్కటే: ఆ బొమ్మకు డబ్బు పోసే ముందు ఒక పాత ఫైర్‌ఫ్లైని చూడండి. గట్టిగా ఉంటే కొనండి, దాన్ని బాగుచేయగల వడ్రంగికి పని ఇవ్వండి.