తెడ్డు పడవకి తెల్ల దీపం

ఈ వారం ఈ కాలమ్‌కి చిరాకు తెప్పించింది ఒక ఫోన్ వీడియో. రాత్రి గోదావరిలో కుర్రాళ్లు కయాక్ అనే సన్నని పడవలో తెడ్డేసుకుంటూ హుషారుగా పోతున్నారు. దాని అంచుల పొడవునా ఎల్‌ఈడీ పట్టీలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లోకి మారుతూ మెరుస్తున్నాయి.

నీటి మీద ఆ రంగులు అలంకారం కాదు. పడవకి ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ. ఎదుటివాడికి ఎరుపొక్కటే కనిపిస్తే పడవ ఎడమ పక్క తనవైపు ఉందని, రెండూ కనిపిస్తే నేరుగా తన మీదికే వస్తోందని అర్థం. ఆవిరి ఓడలకు ఈ దీపాలు ఉండాలని బ్రిటిష్ నౌకాశాఖ 1848లో ఆదేశించింది. మన గోదావరి మీద ధవళేశ్వరంలో ఇంజనీరు కాటన్ ఆనకట్ట పని అంతకు ముందు ఏడాదే మొదలైంది.

కాటన్ పేరొస్తే ఈ కాలమ్ కాలువల్లోకి దిగుతుందని పాత పాఠకులకు తెలుసు. 1852లో ఆనకట్ట పూర్తయ్యింది. దాని కాలువలు పొలాలకే కాదు, పడవలకూ దారి. లాకులు కట్టింది అందుకే. ధవళేశ్వరం నుంచి కడియం మీదుగా ధాన్యం పడవలు నడిచిన రోజుల్లో గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు, వెనక ఒకరు చుక్కాని పట్టేవారు. జనం రాత్రి ఎక్కి, మూటల మధ్యే నిద్రపోయి, తెల్లారి దిగేవారు. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ చదివినవారికి ఆ రాత్రి తెలుసు. రంగుల దీపాలెక్కడివి? ఓ లాంతరు, ఓ కేక. ఎదురుపడవ వస్తే ఎవరి తాడు వదులు చెయ్యాలో ఆ కేకలతోనే తేలిపోయేది.

ఇక కయాక్‌కి పద్ధతైన ఎరుపు, ఆకుపచ్చ దీపాలు బిగించమనడమే తరువాయి అనిపిస్తుంది. నిబంధన మాత్రం అంత అడగదు. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లో 25వది తెడ్డు పడవలకు ఆ దీపాలు పెట్టుకునే వీలిచ్చింది. పెట్టకపోతే తెల్లని టార్చో లాంతరో చేతికందేలా ఉంచుకుని, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపాలంది. అచ్చం కాలువ పడవ పద్ధతే! 20వ నిబంధన ఇంకో మాట చెప్పింది: అసలు దీపాలని భ్రమపెట్టేవి, చూపుకి అడ్డొచ్చేవి వెలిగించకూడదు. ఆ పట్టీలు రెండు పనులూ చేస్తాయి. కయాక్‌లో మనిషి నీటికి ఆనుకునే కూర్చుంటాడు. ముందు వెలుగుంటే తన కళ్లకే కొడుతుంది, వెనక ఉంటే తన ఒళ్లే కప్పేస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. ఆ చూపు పోవడానికి క్షణం చాలు.

కుర్రాళ్లు పట్టీలు పీకేసి, నీళ్లు చొరని టార్చి ఒకటి లైఫ్ జాకెట్‌కి తాడుతో కట్టుకోవాలి. ఇంకోటి అదనంగా ఉండాలి, ఒక విజిల్ కూడా.

కానీ వాళ్లనే నిందించడానికి మనసొప్పదు. టార్చి వెసులుబాటు తెడ్డుకే గానీ ఇంజనుకి లేదు. ఎంత చిన్న ఇంజను పడవైనా చుట్టూ కనిపించే తెల్ల దీపం వెలిగించే నడవాలి. పెద్దదైతే ఎరుపూ ఆకుపచ్చా తప్పవు. కయాక్‌వాడు టార్చి ఊపినా, ఎదురుగా దీపం లేని ఇంజను పడవ ఏ పక్కకి తిరుగుతోందో అతనికెలా తెలుస్తుంది? రాత్రి రేవు దాటే ప్రతి ఇంజను పడవ చేతా ముందు దీపాలు వెలిగించి చూపించాలి, ఆ తర్వాతే తాడు విప్పనివ్వాలి.