కింది వరుస నుంచి రాసిన కాగితం

ఫుల్‌స్కేప్ కాగితం, ఒకే పుట. అన్నింటికన్నా కింద ఉన్న వరుస నీలం సిరాలో ఉంది: "సోమవారం. రేవు గేటు. అందరూ, అన్ని సామాన్లతో." దాని పైనున్న వరుసలన్నీ నల్ల సిరా. పనితనం మొదట కనపడేది పెన్ను మారిన ఆ చోటే. చెన్నైలో ఏమేం చూడాలని మొదలుపెట్టి, ఆఖరికి ఓడ దాకా వచ్చే కాగితాలు మనందరం రాస్తాం. ఈయన ఓడెక్కే వేళను ముందు అడుగున రాసి పెట్టుకుని, అక్కణ్ణుంచి ఒక్కో వరుస పైకి పోయారు. ముహూర్తం పెట్టుకున్నాక పెళ్లివారు వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తారే, ఆ పద్ధతి.

రాసింది మా చిన్నాయన. పుంగనూరులో ఉంటారు, ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఏ సర్వీసు ఎన్నింటికి ఎత్తాలి, ఏ బండికి ఏ ఊళ్లో నైట్ హాల్టు, డ్రైవరు రాకపోతే ఎవర్ని ఎక్కించాలి అని చూసుకుంటూనే ఉద్యోగమంతా గడిచింది. ఈసారి ఆయన చేతికొచ్చిన ప్రయాణికులు మూడు ఊళ్ల వాళ్లు: మదనపల్లె నుంచి పెద్దమ్మా పెదనాయనా, పుంగనూరు నుంచి తానూ చిన్నమ్మా, కుప్పం నుంచి కూతురూ అల్లుడూ ఇద్దరు పిల్లలూ, వాళ్లతో అల్లుడి తల్లి. ఆమె అందరికీ అవ్వే. చెన్నైలో ఓడెక్కి శ్రీలంక చూసి రావాలని సంకల్పం.

మన వైపు వాళ్లకు విహార నౌక కొత్త ముచ్చట. 2022 జూన్‌లో కార్డేలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖ, పుదుచ్చేరి, చెన్నైల మధ్య తిరిగింది. 2023 జూన్ 5న అదే నౌక చెన్నై నుంచి శ్రీలంకకు తొలిసారి బయల్దేరింది. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ఆ ఏడాది సెప్టెంబరులో మొదలైంది గానీ, మదనపల్లె వాళ్లకు విశాఖ ఏ మూల, చెన్నై ఏ మూల? చెన్నైకి పొద్దున టిఫిను చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుండొచ్చు.

ఉండొచ్చు కదా అని ఓడెక్కే రోజునే బయల్దేరుదామన్నాడు అల్లుడు. చిన్నాయన ఒప్పుకోలేదు. కాగితంలో శని, ఆది రెండు రాత్రులు చెన్నైలోనే. మొగిలి ఘాటులో లారీ అడ్డం పడినా, రాణిపేట దగ్గర టైరు పంచరైనా, రైలు జోలార్‌పేటలో గంటసేపు నిలిచిపోయినా శనివారం తాలూకు చుట్టుబెట్టుడు కొంచెం తగ్గుతుంది, అంతే. ఓడకు మాత్రం ఏమీ కాదు. ఆలస్యాన్ని ఎక్కడ పడనివ్వాలో ముందే నిర్ణయించి పెట్టడం ఈ కాగితంలో నాకు నచ్చిన మొదటి సంగతి. చూడటానికి రెండు రోజులు తీసుకున్నట్టు పైకి కనపడుతుంది. నిజానికి ఆ రెండు రోజులూ ఓడకు కట్టిన గట్టు.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై దాదాపు 250 కిలోమీటర్లు. కుప్పం నుంచి రైల్లో ఇంచుమించు అంతే దూరం. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి దూరంగా సీటీఎంలో ఉంది, అదీ ధర్మవరం-పాకాల లైనులో. కుప్పం మాత్రం చెన్నై-బెంగళూరు ప్రధాన లైను మీదే ఉంది. అందుకని అందరినీ ఒకే వ్యానులో కుక్కలేదు. పై రెండు ఊళ్లవాళ్లకు బాడుగ బండి, కుప్పం వాళ్లకు రైలు. అవ్వకు మోకాళ్ల నొప్పులు, రైల్లో లేచి నాలుగడుగులు వేయొచ్చు, బాత్‌రూము పక్కనే ఉంటుంది. ఆ వరుస పక్కన బ్రాకెట్టులో రెండే మాటలు: "అవ్వ, కిటికీ." రెండు బృందాలూ దారిలో ఎక్కడా కలవవు, ఒకరి కోసం ఒకరు ఆగరు. కలిసేది ఎగ్మూరు లాడ్జిలోనే. బృందానికొక కండక్టరును కూడా వేశారు. తలలు లెక్కబెట్టడం, ఫోను ఎత్తడం వాళ్ల పని. కుప్పం బృందానికి కండక్టరు అల్లుడు కాదు, కూతురు.

లాడ్జి ఎగ్మూరులో ఎందుకు? పెద్దమ్మకు మైలాపూరులో దిగాలని ఉంది, గుడి పక్కనే ఉంటుందని. మైలాపూరులో దిగితే సోమవారం పొద్దున ఊరంతా దాటుకుని రేవుకు రావాలి. ఎగ్మూరు నుంచి రేవు కొద్ది కిలోమీటర్లే. సెంట్రల్ స్టేషనూ దగ్గరే కాబట్టి రైలు దిగిన అవ్వ పది నిమిషాల్లో నడుం వాల్చొచ్చు. చూడబోయే చోట్ల దగ్గర గాక, తప్పకుండా చేరాల్సిన చోటు దగ్గర దిగాలని ఆయన లెక్క.

ఇక చూడబోయే చోట్ల వరుస. కాగితాన్ని చెన్నై మ్యాపు పక్కన పెట్టుకుంటే తప్ప ఇది కనపడదు. శనివారం సాయంత్రం అన్నింటికన్నా దక్షిణాన ఉన్న అడయారు, అక్కణ్ణుంచి పైకి మైలాపూరు. ఆదివారం తెల్లవారి మెరీనా, తర్వాత ఎగ్మూరు మ్యూజియం, సాయంత్రం తిరువల్లిక్కేణి. సోమవారం రేవు. మధ్యలో ఒకటి రెండు వంకర్లున్నా, పోనుపోను ఊరి దక్షిణం నుంచి రేవు వైపే జరుగుతూ వచ్చారు. ఆదివారం పొద్దెక్కాక ఎవరికి ఏమైనా, ఎవరు ఎక్కడ తప్పిపోయినా, రేవుకు దూరంగా మాత్రం ఉండరు.

అడయారు పెట్టింది పెద్దమ్మ కోసం. ఆమె మదనపల్లె బీటీ కాలేజీలో చదివింది. 1915లో అనీబిసెంట్ పేరున దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పెట్టిన కాలేజీ అది. 1919లో టాగూరు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ సమాజానికి కేంద్రమైన అడయారు తోటను ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కుటుంబం 1909లో ఆ తోట పక్కకే మారింది, ఆ సముద్రపుటొడ్డునే సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ కంట పడ్డాడు ఆ పిల్లవాడు. రెండేళ్లకల్లా అనీబిసెంట్ అతణ్ణీ తమ్ముడు నిత్యానందనూ బొంబాయిలో ఓడెక్కించి ఇంగ్లండు తీసుకుపోయారు. మదనపల్లె నుంచి సముద్రం మీదికి పోయిన దారి అడయారు గుండానే ఉందన్నమాట. చిన్నాయన ఇదంతా కాగితం మీద రాయలేదు. "అడయారు తోట, పెద్ద మర్రి. ఆదివారం సెలవు, అందుకే శనివారం" అని మాత్రం రాశారు. ఆ మర్రి మూలమాను 1989లో గాలివానకు కూలినా ఊడలు నిలబడి ఉన్నాయి.

శనివారం పన్నెండు నుంచి మూడు దాకా, ఆదివారం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా కాగితంలో ఏమీ లేదు. గీత గీసి వదిలేశారు. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలంలోనూ రాత్రి దుప్పటి వెతుక్కునే జనం మేము. చెన్నైలో జూన్ అంటే పన్నెండు గంటలకే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. మైలాపూరు కపాలీశ్వరాలయం ఎలాగూ ఆ వేళకు మూసే ఉంటుంది, తిరువల్లిక్కేణి పార్థసారథి గుడీ అంతే. గుడి తలుపులు మూసే వేళా, ఎండ కాల్చే వేళా, పిల్లలు పేచీ పెట్టే వేళా ఒకటే కావడం చూసి, ఆ మూడింటినీ ఒకే ఖాళీలో పడేశారు. ఆ ఖాళీలో ఒక మాల్‌కు పోయి వద్దామని అల్లుడు పెన్సిలుతో రాస్తే, దాన్ని రబ్బరుతో చెరిపిన గుర్తు ఇంకా ఉంది.

మెరీనా వరుస మీద ఇంట్లో చిన్న తగువే జరిగింది.

"మెరీనాకు సాయంత్రం పోతారు గానీ తెల్లారుజామున ఎవరు పోతారు నాయనా?" అంది కూతురు.

"ఆదివారం సాయంత్రం మెరీనాలో నీకు సముద్రం కనపడదమ్మా, జనం వీపులు కనపడతాయి" అన్నారాయన.

జూన్‌లో చెన్నైలో ఐదు ముప్పావు లోపే పొద్దు పొడుస్తుంది. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. ఇసుక చల్లగా ఉంటుంది, ఆటో దొరుకుతుంది, ఏడుకల్లా టిఫిను. ఆ వరుస చివర "పిల్లలకు పాత రేవు కథ" అని ఒక గుర్తు. మద్రాసుకు రేవు లేని రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు తెచ్చేవాళ్లు. వాటి పలకలకు మేకులుండవు, కొబ్బరిపీచు తాడుతో కుట్టేవాళ్లు. అల కొట్టినప్పుడు విరగకుండా వంగేది పడవ. 1875లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ శంకుస్థాపన చేసిన రేవు ముగింపుకొచ్చేసరికి 1881 తుపాను దాన్ని ఛిద్రం చేసింది. మర్నాడు చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ ఓడెక్కబోయే పిల్లలకు ఈ కథ ఆ ఒడ్డునే చెప్పాలని ఆయనకు తోచింది చూడండి.

మ్యూజియం దగ్గర మాత్రం నాకూ ఆయనకూ పొసగదు. "అమరావతి నలభై నిమిషాలు, కంచు విగ్రహాలు ముప్పై, తక్కినవి వదిలేయండి" అని రాశారు. 1851లో మొదలైన మ్యూజియం అది. అమరావతి స్తూపం పలకల్లో ఇలియట్ దొర తవ్వించినవి చాలా వరకు లండన్ చేరగా, మన వైపు మిగిలినవాటిలో పెద్ద భాగం ఎగ్మూరులోనే ఉంది. దానికి నలభై నిమిషాలు సరే అనుకుందాం. కానీ కంచు గదిలో తిరువాలంగాడు నటరాజు ఉన్నాడు. ఆయన ముందు నిలబడితే అరగంట ఆయనకే చాలదు. అదే మాట అంటే, "అవ్వ ఎంతసేపు నిలబడగలదో అంతే" అన్నారు. ఆ జవాబుకు నా దగ్గర మారుమాట లేదు. అయినా అరగంట అన్యాయమే.

కాగితం కుడివైపు అంచున నిలువుగా ఒక గడి ఉంది, "వద్దు" అని తలకట్టుతో. నన్నడిగితే మొత్తం పనిలో మేలైన భాగం ఇది. ఎవరో ఒకరు తప్పక అడిగే చోట్లన్నీ ముందే రాసి, పక్కన ఎందుకు వద్దో పొడిపొడిగా రాశారు. మహాబలిపురం: పోనూ రానూ పూట పోతుంది, ఈసీఆర్‌లో ఆదివారం రద్దీ. దీపస్తంభం: అవ్వ కింద ఒంటరిగా కూర్చోవాలి. టీనగర్: ఓడలోకి మోయాలి, కొనేది వచ్చేటప్పుడు. దాని కిందే చిన్నమ్మ చేతిరాతలో, "నీరుగట్టువారిపల్లె మగ్గాలు పెట్టుకుని టీనగర్ పట్టు ఎందుకు?" అని ఒక చురక.

సామాన్ల లెక్క వెనక పుటలో ఉంది. అన్నింటినీ రెండుగా విడగొట్టారు: చెన్నై సంచి, ఓడ సంచి. ఓడ సంచి ఇంట్లో కట్టాక కౌంటరు దాకా విప్పకూడదు. అక్కడ చీటీ కట్టి ఇచ్చేస్తే అది గదికి చేరేసరికి చాలాసేపు పడుతుంది. అందుకని మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు, పిల్లల స్వెట్టర్లు చేతి సంచిలోనే. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ ఓడలోకి రానివ్వరు. ఇంటి తిండి కూడా అంతే. నిప్పట్లు, బొరుగుల మిక్స్చరు, ఊరుబిండి, ఓళిగలు అన్నీ ఆదివారం రాత్రికల్లా ఖాళీ కావాలి. ఏ పూటకు ఏది తినాలో కూడా రాశారు, ముందు చెడిపోయేది ముందు.

పేర్ల పట్టిక దగ్గర ఇంకా నిదానించాలి. మన ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి వెనక. శ్రీలంక పోవాలంటే టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ప్రతి మనిషికీ పాస్‌పోర్టు చూసి, అక్షరం అక్షరం ఇంగ్లీషులో రాసి, గడువు తేదీ పక్కన వేసి, కింద ఆ మనిషి చేతనే సంతకం పెట్టించారు. అవ్వ వేలిముద్ర వేస్తానంటే, సంతకం వచ్చు కదా అని కూర్చోబెట్టి పెట్టించారట.

ఈ పనికి మన భాషలో పెద్ద మనిషి ఒకాయన ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో ఇదే మద్రాసు నుంచి పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ అంగడి ఉంది, ఎక్కడ సత్రం, ఏ దారి బండికి పనికొస్తుంది అని రోజూ రాసుకున్నారు, తర్వాత వచ్చేవాళ్లకు ఉపయోగపడాలని. చిన్నాయన ఆ వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివారో లేదో నేనడగలేదు. ఇద్దరి చూపూ ఒకటే: ముందు నీళ్లు, నీడ, నిద్ర, తర్వాత దర్శనం.

వాళ్లు వెళ్లొచ్చాక పుంగనూరులో ఎదురింటాయన ఈ కాగితం జిరాక్సు కావాలని వచ్చాడు. వాళ్ల ఓడ శనివారమట, కాబట్టి చూడటానికి గురు, శుక్రవారాలే మిగులుతాయి. శుక్రవారం ఎగ్మూరు మ్యూజియం మూసేస్తారు. అడయారు తోట తెరిచే ఉంటుంది గానీ వాళ్లింట్లో బీటీ కాలేజీలో చదివినవాళ్లెవరూ లేరు. అవ్వా లేదు, పైగా నెలల పాప ఉంది. చిన్నాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇది మీకు పనికిరాదు సామీ. ఎవరెవరొస్తున్నారో, ఎవరికేం జబ్బులున్నాయో చెప్పండి, రాసిస్తా" అన్నారు.